చెప్పి పోయే మర్యాద

కామారెడ్డిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఉద్యోగం వచ్చిందని సునీల ఇంటికొచ్చి చెప్పిన రోజు, తల్లి గాంగి జొన్నరొట్టె తడుతూ తడుతూ చెయ్యి ఆపేసింది. నెలనెలా జీతం వస్తుందని కూతురు చెబుతుంటే ఆమె చెవిలో ఆ ఒక్క మాటే పడింది.

"జీతముంటవా? గింత సదువు సదివి జీతముంటవా బిడ్డా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఇంట్లో ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. ఎల్లారెడ్డి చుట్టుపక్కల తండాల్లో పాతకాలం వాళ్ళకు జీతమంటే బ్యాంకులో పడే డబ్బు కాదు. జీతముండడమంటే పటేలు ఇంట్లో ఏడాదికి కుదిరి, పశువుల పేడ ఎత్తడం నుంచి పొలానికి నీళ్ళు కట్టడం దాకా అన్నీ చెయ్యడం. ఉగాది నుంచి ఉగాది దాకా కాలు బయట పెట్టడానికి వీల్లేదు. సునీల తండ్రి భీమ్‌సింగ్ పెళ్ళికి ముందు అట్లా జీతమున్నవాడే. పెళ్ళయ్యాక భార్యాభర్తలిద్దరూ చెరుకు కొట్టడానికి మహారాష్ట్ర పోయి, వచ్చి, మళ్ళీ పోయి పిల్లను చదివించారు.

"గా జీతం కాదే యాడీ. ఇది నౌకరి. నన్ను మేడం అంటరు," అని సునీల తల్లికి నచ్చజెప్పింది. వాళ్ళింట్లో నడిచేది లంబాడీ మాట; తెలుగులో చెప్పుకుంటే ఇట్లా ఉంటుంది.

మేడం అంటారని చెప్పింది గాని, చేరిన రోజు ఆఫీసులో ఏం జరిగిందో చెప్పలేదు. పదో తరగతి మెమో మొదలు ఎం.టెక్ పట్టా దాకా ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు. వెరిఫికేషన్ అన్నారు. ఆ వెరిఫికేషన్ ఏళ్ళ తరబడి సాగుతుందని, మధ్యలో ఎవరూ వేరే చోటికి పోకుండా చూడడానికే అది పుట్టిందని అక్కడి అటెండరుకు కూడా తెలుసు. అందరివీ అట్లాగే ఉన్నాయి కదా అని సునీల కూడా ఇచ్చేసింది. అందరితో పాటు మునిగేటప్పుడు నీళ్ళ లోతు తెలియదు.

ఆ పిల్లకు ఇనుము పిచ్చి చిన్నప్పుడే పట్టింది. చెరుకు ఫ్యాక్టరీ దగ్గర గుడిసెల్లో ఉన్నప్పుడు, ఒక ట్రాక్టరు ట్రాలీ ఇరుసు పటుక్కున విరిగింది. నెలల తరబడి తలకు మించిన లోడు మోసినప్పుడు విరగలేదు. లోడు దించేసి ఖాళీగా తిరిగొస్తుంటే విరిగింది. దిష్టి అన్నారు, నిమ్మకాయ కట్టారు. ఖాళీ బండికి ఇరుసెందుకు విరుగుతుందని సునీల అడిగితే, నోరు మూసుకుని అన్నం తినమన్నారు. దానికి జవాబు ఆమెకు బీటెక్‌లో దొరికింది. ఇనుము ఒక్క బరువుకు విరగదు. వేసిన ప్రతి బరువుకూ లోపల కంటికి కనపడని పగులు ఒకటి వెంట్రుకవాసి పాకుతుంది. అది పాకీ పాకీ ఒకరోజు ఖాళీ బండిని కూడా మొయ్యలేని చోటికి చేరుతుంది. ఆ పగులు ఎక్కడ పుడుతుందో, ఎంత కాలానికి ఎంత దూరం పోతుందో ముందే కంప్యూటర్లో లెక్కగట్టే చదువొకటి ఉందని తెలిసిన రోజు ఆమెకు నిద్రపట్టలేదు.

తోటి పిల్లలంతా మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్ కోచింగులకు పరుగెత్తుతుంటే, ఈమె సాలిడ్ మెకానిక్స్ అని ఎం.టెక్‌లో చేరింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. మెటీరియల్స్ మోడలింగ్ చేస్తున్నానంటే, తండాలో రెండేళ్ళు భీమ్‌సింగ్ బిడ్డ మోడలింగులకు పోయిందని చెవులు కొరుక్కున్నారు. చీర కట్టుకుని బస్సు దిగిన ప్రతిసారీ ఆమెను తేరిపార చూసేవాళ్ళు.

కాలేజీలో ఆ చదువుతో ఎవరికీ పనిపడలేదు. ఇనుప కడ్డీని లాగి తెంపి దాని బలం కొలిచే యంత్రం ఒకటి ల్యాబులో ఉంది. దాని మీద కప్పిన గుడ్డ ఎవరూ తియ్యలేదు. వేసవి వస్తే లెక్చరర్లంతా తాడ్వాయి, బీబీపేట, జుక్కల్ దాకా ఊర్లు తిరిగి, ఇంటర్ పాసైన పిల్లల తల్లిదండ్రులను బతిమాలి అడ్మిషన్లు తేవాలి. ఆడవాళ్ళకు హాస్టల్ వార్డెన్ పని అదనం. కూరలో పురుగొస్తే పిల్లలు సునీలను తిట్టేవాళ్ళు, బియ్యం ఎక్కువ ఖర్చయితే మేనేజ్‌మెంటు తిట్టేది. మేడం అనే పిలుపు మాత్రం తప్పలేదు, తిట్టేటప్పుడు కూడా.

అట్లాంటి రోజుల్లోనే హాస్టల్ గదిలో తలుపేసుకుని, హైదరాబాదులోని ఒక పెద్ద సంస్థకు ఆన్‌లైన్లో ఇంటర్వ్యూ ఇచ్చింది. వెల్డింగ్ అతుకుల్లో పగుళ్ళ మీద పీహెచ్‌డీ, దానికి ఫెలోషిప్. ఎంపికైంది. నెలాఖరులోగా ఒరిజినల్స్‌తో వచ్చి చేరాలి, రాకపోతే సీటు తర్వాతి వాళ్ళకు పోతుందని మెయిల్ వచ్చింది. ఆమె ఆ మెయిల్ చదివి, వార్డెన్ గదిలో ఒక్కతే కూర్చుని నవ్వింది, ఏడ్చింది. దేవుడు వరమిచ్చాడు. ఇక మిగిలింది పూజారి.

పూజారి పేరు పద్మలత. ప్రిన్సిపాల్. చెడ్డమనిషి కాదు. చెడ్డమనిషి కాకపోవడం వల్ల ఎవరికీ ఒరిగిందీ లేదు. సునీల ఆమె దగ్గరికి పోయి, పాస్‌పోర్ట్ కోసం ఒరిజినల్స్ చూపించాలట, రెండు రోజుల్లో తెచ్చిస్తాను మేడం అని అబద్ధమాడింది. ఆ కాలేజీ నుంచి బయటపడ్డవాళ్ళంతా ఇట్లాంటి అబద్ధం మీదనే బయటపడ్డారు. పద్మలత ఆమె ముఖంలోకి కాసేపు చూసింది. అంతా అర్థమయినట్టే ఉంది.

"సోమవారం చైర్మన్ సార్ ఊర్లో ఉండడు. పొద్దున్నే రా, తీసిస్త," అన్నది.

శనివారం సాయంత్రం సునీల ఎల్లారెడ్డి బస్సెక్కి తండాకు పోయింది. తల్లికీ తండ్రికీ సీటు సంగతి చెప్పింది. డాక్టర్ సునీల అని రాసుకోవచ్చని, కానీ సూదులు వెయ్యనని చెప్పింది. ఆమె చదువుకయ్యే ఖర్చు సర్కారే ఇస్తుందంటే భీమ్‌సింగ్ నమ్మలేక మూడుసార్లు అడిగాడు. అన్నీ చెప్పింది. ఒరిజినల్స్ బీరువాలో ఉన్నాయని మాత్రం చెప్పలేదు. పాస్‌పోర్ట్ అని చెప్పి వాటిని తెచ్చుకోబోతున్నానని అసలే చెప్పలేదు. చదువురాని మనిషికి ఇదంతా ఏం అర్థమవుతుందిలే అనుకుంది.

భీమ్‌సింగ్‌కు ఆ రాత్రి సంతోషంతో పాటు ఒక బెంగ కూడా పట్టుకుంది. వాళ్ళ లెక్కలో ఒక ఇంట్లో పనికి కుదిరినవాడు మానేసేటప్పుడు, యజమాని గడపకు పోయి, ఇన్నాళ్ళు అన్నం పెట్టినవు, పోయొస్త అని చెప్పి పోవాలి. చెప్పకుండా పోయినవాణ్ణి దొంగ అంటారు. జీతమున్న రోజుల్లో అట్లా రాత్రికి రాత్రి పారిపోయినవాళ్ళ పేర్లు ఇప్పటికీ తండాలో తలదించుకునే పలుకుతారు. ఇన్నేళ్ళు బిడ్డను మేడం చేసిన మనిషికి ఒక్క మాట చెప్పకుండా పోతే ఎట్లా? బిడ్డ చిన్నది, మర్యాద తెలియదు. తండ్రి అన్నవాడు ఉన్నది అందుకే కదా.

ఆదివారం పొద్దున సునీల బట్టలు ఉతుక్కుంటుంటే, ఎల్లారెడ్డిలో పనుందని చెప్పి ఆయన బయల్దేరాడు. సంకన ఒక పుంజు. కాలేజీ బస్సు నడిపే రాజేశ్ ఆయన అన్న కొడుకే. కామారెడ్డిలో చైర్మన్ ఇల్లు అతనే చూపించాడు. పెద్దనాయినలు, చిన్నాయినలు ఎవరింటికి ఎందుకు పోతున్నారని అడిగే అలవాటు రాజేశ్‌కు లేదు.

చైర్మన్‌కు ముందు రైస్ మిల్లు, తర్వాత పెట్రోలు బంకు, ఆ తర్వాత కాలేజీ. మూడింటినీ ఒకే తీరుగా నడిపేవాడు. మర్నాడు ఊరికి పోవాల్సినవాడు, ఆ పొద్దు వరండాలో కూర్చున్నాడు. భీమ్‌సింగ్ పుంజును కాళ్ళ దగ్గర పెట్టి, రెండు చేతులూ జోడించాడు.

"బాంచెన్ సారూ, నీ దయతోని నా బిడ్డకు హైదరాబాదుల డాక్టర్ సదువు దొరికింది. ఇగ పోతది. చెప్పి పోవాలె గద అని వస్తిని," అన్నాడు.

చైర్మన్ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టాడు. చాయ్ ఇప్పించాడు. "మంచిమాట చెప్పినవ్ పెద్దమనిషీ. నీ అసొంటి తండ్రులు ఇయ్యాల రేపు ఏడున్నరు?" అన్నాడు. భీమ్‌సింగ్ ఆ మాటలకు మురిసిపోయి, బస్సులో దారిపొడుగునా వాటినే నెమరేసుకుంటూ ఇంటికొచ్చాడు. పుంజు చైర్మన్ ఇంట్లో ఆ రోజే కూరయింది.

సోమవారం పొద్దున సునీల పోయేసరికి బీరువా తాళంచెవి పద్మలత దగ్గర లేదు. చైర్మన్ గదిలో ఉంది, ప్రయాణం మానుకున్న చైర్మన్‌తో సహా.

"మీ నాయిన దేవుడసొంటోడు తల్లీ. నువ్వేమో పాస్‌పోర్ట్ అంటివంట," అని నవ్వాడు.

తిట్టి ఉంటే బాగుండేది, చైర్మన్ తిట్టలేదు. పోతే సంతోషమే, మా పిల్ల పెద్ద చదువుకు పోతే మాకే గొప్ప అన్నాడు. ఒక్కటే అడిగాడు. ఆ వారమే కాలేజీకి గ్రేడు ఇచ్చే కమిటీ వస్తోంది. ఈ కాలేజీలో పరిశోధన ఉందా అని అడుగుతారు. కమిటీ ముందు పిల్లలకు ఒక ఉపన్యాసం ఇచ్చి, మర్నాడే కాగితాలు తీసుకుని పొమ్మన్నాడు. తేనె పూసిన కత్తి అని తెలిసే సునీల ఒప్పుకుంది. నెలాఖరుకు ఇంకా రోజులున్నాయి మరి.

కమిటీ వచ్చేనాటికి కాలేజీ పెళ్ళివారిల్లయింది. పైన పటారం, లోన లొటారం. నర్సరీ నుంచి పూలకుండీలు అద్దెకు తెచ్చారు. యంత్రం మీది గుడ్డ తీశారు, నూనె రాశారు. "సాలిడ్ మెకానిక్స్, మెటీరియల్స్ మోడలింగ్: పరిశోధన, ఉద్యోగ అవకాశాలు" అని పెద్ద ఫ్లెక్సీ కొట్టించారు. కొట్టించిన కుర్రాడు మోడలింగ్ అన్న మాట చూసి, ఒక మూలన నడుం మీద చెయ్యి పెట్టుకుని నడిచొస్తున్న అమ్మాయి బొమ్మ వేశాడు. పద్మలత ఆఖరి నిమిషంలో చూసి, ఆ అమ్మాయి మీద చైర్మన్ ఫొటో అతికించింది. మెకానికల్ పిల్లలు రెండు బెంచీలకు కూడా చాలరు కాబట్టి, కంప్యూటర్ బ్రాంచిల నుంచి తోలుకొచ్చి హాలు నింపారు.

సునీల ఏదో ముగించేద్దామనే మైకు పట్టుకుంది. కానీ ట్రాలీ ఇరుసు దగ్గర మొదలుపెట్టేసరికి తనను తాను మరిచిపోయింది. ఖాళీ బండి ఎందుకు విరిగిందని అడిగింది. పిల్లలు ఫోన్లు పక్కన పెట్టారు. ఒక వస్తువును కంప్యూటర్లో చిన్న చిన్న ముక్కలుగా చేసి, ఏ ముక్క మీద ఎంత ఒత్తిడి పడుతుందో లెక్కగట్టడం ఎట్లాగో చెప్పింది. విమానం రెక్క ఎన్నేళ్ళు నిలుస్తుందో, రైలు పట్టా ఎప్పుడు మార్చాలో, మనిషి తుంటిలో వేసే లోహపు కీలు ఎన్ని అడుగులకు అరుగుతుందో చెప్పగలిగేవాళ్ళు దేశానికి ఇంకా ఎంతోమంది కావాలంది. రైల్వేలో, రక్షణ ల్యాబుల్లో, కార్ల కంపెనీల్లో, గాలిమరల తయారీలో ఈ పని ఉందని, గేట్ రాసి ఎం.టెక్‌కు, అక్కణ్ణించి పరిశోధనకు ఎట్లా పోవాలో, పోతే ఫెలోషిప్ ఎట్లా వస్తుందో విడమరిచి చెప్పింది. ఇంట్లోవాళ్ళు అప్పు తేవాల్సిన పనిలేని చదువు ఇదని చెప్పినప్పుడు వెనక బెంచీల నుంచి కూడా చప్పట్లు పడ్డాయి. అవకాశాల గురించి అంత బాగా, అంత నిజంగా చెప్పిన మనిషి ఆ కాలేజీ గోడల మధ్య అంతకు ముందు లేదు. అక్కడున్న వాళ్ళందరిలో ఆ అవకాశం చేతికి అంది ఉన్నదీ ఆమెకొక్కదానికే.

కమిటీ పెద్ద, నెరిసిన జుట్టు ప్రొఫెసర్, లేచి నిలబడి మెచ్చుకున్నాడు. "ఇట్లాంటి వాళ్ళుంటేనే పరిశోధన నిలుస్తుంది. మీరు ఇక్కడే కొనసాగుతారు కదమ్మా?" అని అడిగాడు.

చైర్మన్ పక్కనే ఉన్నాడు, చిరునవ్వు చెదరకుండా. కాదంటే రేపు కాగితాలు రావు. సునీల, "ఔను సార్, ఇక్కడే ఉంటాను," అంది. ఆయన అది రాసుకున్నాడు.

మర్నాడు ఆమె బ్యాగు సర్దుకుని మరీ ఆఫీసుకు పోయింది.

"అదేంది తల్లీ? ఈడనే ఉంటనని నువ్వే అంటివి గద, గంత పెద్దమనుషుల ముంగట," అన్నాడు చైర్మన్. "రిసెర్చ్ సెల్‌కు నిన్ను హెడ్డని రాసుకుని పోయిండ్రు. రేపు గ్రేడు లెటర్ రాంగ నువ్వు లేవంటే కాలేజీ ఇజ్జత్ ఏం గావాలె? లెటర్ రానీ. నేనే కారిచ్చి పంపిస్త."

ఆమె ఏడ్చింది. కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. పోలీసు స్టేషనుకు పోదామనుకుంది. తన చేత్తోనే ఇచ్చి సంతకం పెట్టిన కాగితాల మీద ఏమని కేసు పెట్టాలి? యూనివర్సిటీలో డూప్లికేట్లు అడిగితే, పోగొట్టుకున్నట్టు ఎఫ్ఐఆర్ కావాలన్నారు, నెలలు పడుతుందన్నారు. సంస్థకు ఫోన్ చేస్తే అక్కడి మనిషి మర్యాదగానే మాట్లాడాడు, కొన్ని రోజులు గడువు కూడా ఇచ్చాడు. ఆ గడువూ అయిపోయింది. తర్వాతి అభ్యర్థి చేరిపోయాడని మెయిల్ వచ్చింది.

"నావి కూడ అదే బీరువాల ఉన్నయ్, సునీలా," అంది పద్మలత, ఆమెను ఓదారుస్తున్నాననుకుని. "నేనేం చేస్త చెప్పు."

సునీలకు ఆమె మీద జాలి కలగలేదు. అసహ్యం కలిగింది. తన మీద కూడా.

గ్రేడు వచ్చింది. హైవే పక్కన దాన్ని ఫ్లెక్సీ కట్టారు. పరిశోధనా కేంద్రమని అందులో సునీల ఫొటో కూడా వేశారు. ఆ తర్వాతి వేసవిలో మెకానికల్‌కు అడ్మిషన్లు రాలేదు. మంచి గ్రేడు రావడం వల్ల కంప్యూటర్ సీట్లు పెంచుకోవడానికి అనుమతి దొరికింది కాబట్టి, మెకానికల్ బ్రాంచి మూసేశారు. యంత్రం పాత ఇనుము కిందికి పోయింది. సునీలను పిలిచి, ఎవరూ అడక్కుండానే, ఒరిజినల్స్ కవరులో పెట్టి చేతికిచ్చారు. శాలువా కప్పారు. ఆ ఏడు సంస్థ నోటిఫికేషన్లో వెల్డింగ్ పగుళ్ళ ప్రాజెక్టు లేదు. వేరే చోట్ల ఇంటర్వ్యూకు పోతే, రిసెర్చ్ హెడ్‌గా ఏం పరిశోధించారని అడిగారు. ఇప్పుడామె ఎల్లారెడ్డిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతోంది, తండా నుంచే రోజూ పోయొస్తోంది.

భీమ్‌సింగ్‌కు ఇవేవీ తెలియవు. చైర్మన్ సారు బిడ్డను వదులుకోలేక ఆపుకున్నాడని, తర్వాత కాలేజీకి కాలం కలిసిరాలేదని నమ్మాడు. చెప్పి పోతే మర్యాద దక్కుతుంది చూడండని తండాలో పదిమందికీ చెప్పుకున్నాడు. వినపడినప్పుడల్లా సునీల లేచి లోపలికి పోయేది. నిజం చెప్పలేదు. ఆయన్ని బాధపెట్టడం ఇష్టం లేకనే అనుకునేది. లోపల మాత్రం కోపం కుంపటిలా రాజుకుంటూనే ఉండేది.

బస్సుల మీద ఖర్చు తగ్గించుకుంటూ కాలేజీ రాజేశ్‌ను కూడా తీసేసింది. తండాకొచ్చి కూర్చున్నవాడు చిన్నాయినతో మాటల్లో మాటగా, చైర్మన్ డ్రైవరు దగ్గర విన్నదంతా చెప్పేశాడు.

ఆదివారం మధ్యాహ్నం సునీల పేపర్లు దిద్దుకుంటుంటే భీమ్‌సింగ్ వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"పాస్‌పోర్ట్ అని చెప్పినవంట ఆల్లకు?"

సునీల పెన్ను ఆపింది. "ఊ."

"నేను పోకపోతే కాగితాలు ఇచ్చెటోల్లా?"

కాదు బాపూ, ఎట్లయినా ఇచ్చేవాళ్ళు కాదు అంటే అయిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఏడాదిగా మింగుకున్నదంతా దాన్ని తోసుకుని బయటికొచ్చింది.

"ఇచ్చెటోల్లే. సోమారం పొద్దుగాలనే ఇచ్చెటోల్లు. నువ్వు పోవుడుతోనే పోయింది నా సీటు."

భీమ్‌సింగ్ నేలను వేలితో గీస్తూ కూర్చున్నాడు. గాంగి లోపలి నుంచి వచ్చి, ఇద్దరినీ చూసి, గుమ్మం దగ్గరే నిలబడింది.

"హాలు నిండ పోరగాండ్లకు ఇనుము ముచ్చట సమజ్ జేసినవంట," అన్నాడు చివరికి. "చప్పట్లు కొట్టిండ్రంట. రాజేశ్ చెప్పిండు. కాగితాలు ఆల్ల చేతుల ఉన్నయ్ బాపూ, తెచ్చుకునేదాక ఎవ్వలికి చెప్పకు అని నాకొక్క మాట చెప్పకపోతివి. గది నాకు సమజ్ కాకపోవునా బిడ్డా?"

ఎందుకు చెప్పలేదో సునీలకు తెలుసు, ఆయనకూ తెలుసు. భీమ్‌సింగ్ మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని లేచాడు. పేపర్లు దిద్దుకో, పిల్లలు ఎదురుచూస్తుంటారు అని చెప్పి, గేదెను విప్పడానికి పోయాడు.